మానిన పుండు, మానని జబ్బు

నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి మొజంజాహీ మార్కెట్ వైపు నడిచేవాళ్లకు దారి పొడుగునా చదువుకోవడానికి బోలెడు సాహిత్యం దొరుకుతుంది. కరెంటు స్తంభాల మీద, మూత్రశాలల గోడల మీద అంటించిన చిన్న చిన్న కాగితాలవి. గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం, ఎంత పాత జబ్బయినా రోజుల్లో మాయం. కింద ఓ సెల్ నంబరు, కొన్నిటి మీద ఏదో లాడ్జి పేరు, డాక్టరుగారు ఊళ్లో ఉండే తేదీలు. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం ఇలాంటి ప్రకటన నేరం. ఆ చట్టం షెడ్యూలులో సుఖవ్యాధుల మాట ఉంది, అందులో సిఫిలిస్ పేరు విడిగా ఉంది. చట్టానికి డెబ్బై ఏళ్లు దాటాయి. కాగితాలు మాత్రం వర్షాలకు నానిపోయిన చోటే మళ్లీ మొలుస్తుంటాయి.

తమాషా ఏమిటంటే, సిఫిలిస్ విషయంలో ఆ కాగితం పూర్తిగా అబద్ధం చెప్పదు. మాయమవుతుందని అంటుంది, మాయమవుతుంది కూడా. ఈ జబ్బు తిరకాసంతా అక్కడే ఉంది.

సిఫిలిస్ ఉన్న మనిషితో కలిసిన పది రోజుల నుంచి తొంభై రోజుల లోపు, ఎక్కువమందికి మూడో వారంలో, క్రిమి ఒంట్లోకి దూరిన చోట ఒక పుండు లేస్తుంది. అంచులు గట్టిగా, అడుగు శుభ్రంగా ఉంటుంది. వేళ్లతో పట్టుకుంటే చర్మం కింద చొక్కా గుండీ ఉన్నట్టు తగులుతుంది. గజ్జల్లో బిళ్లలు కడతాయి. నొప్పి మాత్రం ఉండదు. ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వారం దగ్గర వస్తే అది ఉన్న సంగతే తెలియదు. నోట్లో రావచ్చు, మలద్వారం దగ్గరా రావచ్చు. మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానిపోతుంది. పసుపు రాసినా మానుతుంది. వేపాకు నూరి కట్టినా మానుతుంది. లాడ్జి డాక్టరు పొట్లం మింగినా మానుతుంది. ఏమీ చెయ్యకపోయినా మానుతుంది. పొట్లం మింగినవాడు మాత్రం జన్మంతా ఆ డాక్టరును పొగుడుతూనే ఉంటాడు.

పుండు మానేసరికి క్రిమి అక్కడ ఉండదు. ప్రవేశించిన కొద్ది గంటల నుంచే అది రక్తంలోకి, లింఫు గ్రంథుల్లోకి పాకడం మొదలుపెడుతుంది. దాని పేరు ట్రెపోనిమా పాలిడం. మరమేకులా మెలి తిరిగి ఉంటుంది. పొడవు మిల్లీమీటరులో వందో వంతుకు అటూ ఇటూ. లావు అందులో యాభయ్యో వంతు ఉంటే ఎక్కువ. అంత సన్నం కాబట్టి మామూలు సూక్ష్మదర్శినిలో తేలిగ్గా కనబడదు. రంగులు కూడా సరిగా అంటవు, పాలిడం అంటే పాలిపోయినది అనే అర్థం అందుకే. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు దాన్ని మొదటిసారి చూశారు. నల్లటి నేపథ్యం మీద పక్క నుంచి వెలుగు పడేలా చేసే డార్క్‌ఫీల్డ్ సూక్ష్మదర్శినిలో చూస్తే, చీకట్లో వెండి దారపు ముక్క మెలికలు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. మన రోగనిరోధక కణాలు గుర్తుపట్టడానికి క్రిముల పైపొర మీద సాధారణంగా రకరకాల ప్రొటీన్లు ఉంటాయి. దీని పైపొర దాదాపు బోడి. పోలీసు ముందు నుంచి నడిచివెళ్లినా పట్టుబడని దొంగ లాంటిది.

కొన్ని వారాలో, నెలలో గడిచాక అది రెండో వేషం కడుతుంది. ఒంటి మీద దద్దు లేస్తుంది, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో. రాగిరంగు మచ్చలు, దురద ఉండదు. నెత్తి మీద జుట్టు అక్కడక్కడా పేనుకొరుకుడు పట్టినట్టు ఊడుతుంది. కొంచెం జ్వరం, గొంతునొప్పి. ఇంట్లో ఎవరికి చూపించినా వేడి చేసిందని మజ్జిగ తాగమంటారు. ఇదీ మానిపోతుంది! ఆ తరవాత ఏళ్ల తరబడి నిశ్శబ్దం. వైద్యం అందనివాళ్లలో సుమారు మూడో వంతు మందికి పది, ఇరవై, ముప్ఫై ఏళ్ల తరవాత గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని ఉబ్బడమో, మెదడు, నరాలు దెబ్బతినడమో, ఎముకలు తొలిచినట్టు కావడమో జరుగుతుంది. మెదడు, కళ్లు, చెవుల జోలికి అంతకంటే ముందే వెళ్లే సందర్భాలూ ఉన్నాయి.

దీనికి పెట్టిన పేర్లు చూస్తే మనుషుల గుణం కొంత తెలుస్తుంది. పదిహేనో శతాబ్దం చివర ఇటలీలోని నేపుల్స్ మీదికి దండెత్తిన ఫ్రెంచి సైన్యంలో ఇది చెలరేగింది. ఫ్రెంచివాళ్లు నేపుల్స్ జబ్బన్నారు, ఇటలీవాళ్లు ఫ్రెంచి జబ్బన్నారు, రష్యన్లు పోలండ్ జబ్బన్నారు. పోర్చుగీసువాళ్లు ఓడల్లో మనదేశం వచ్చాక, పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు తన వైద్యగ్రంథం భావప్రకాశంలో దీన్ని ఫిరంగ రోగమని రాశాడు. ఫిరంగులంటే ఐరోపావాళ్లు. వాళ్లు తెచ్చిన పెద్ద తుపాకీ తెలుగులో ఫిరంగే అయింది. వైద్యానికి వాడిన చోబ్‌చీనీ అనే దుంపవేరు మనకు పరంగిచెక్క అయింది, మూలికల దుకాణాల్లో ఇప్పటికీ ఆ పేరుతో అడిగితే ఇస్తారు. పల్లెల్లో పాతతరం సవాయి అనేది, కొరుకు అనేది. హైదరాబాద్ యునానీ హకీములకు ఇది ఆతిషక్. ఆతిష్ అంటే నిప్పు. చదువుకున్నవాళ్లు సుఖవ్యాధి అన్నారు. అందులో సుఖం రోగిదో, పేరు పెట్టినవాడిదో తెలియదు.

పరంగిచెక్కతో పాటు వాడిన రెండో మందు పాదరసం. ఐరోపాలో లేపనాలుగా పూశారు, పొగ పట్టారు. ఇక్కడ రసకర్పూరం ఇచ్చారు. నోరు పూసి, చొంగ కారి, పళ్లు కదిలేవి. రోగం పోతున్న గుర్తనుకునేవారు, నిజానికి అది పాదరసపు విషం. ఈలోగా పుండు దాని మానాన అది మానేది. ఇలా నాలుగు వందల ఏళ్లు గడిచాయి. 1910లో పాల్ ఎర్లిక్, జపాన్ నుంచి వచ్చిన సహచరుడు సహచిరో హాటా ఆర్సెనిక్‌తో చేసిన సాల్వర్సాన్ బజారులోకి వచ్చేదాకా వైద్యులకు నిలబడే మందు లేదు.

ఈ కథలో మన జంటనగరాలకూ దూరపు చుట్టరికం ఒకటుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. ఇరవై ఏళ్ల తరవాత, 1917లో, వియన్నాలో యూలియస్ వాగ్నర్ యౌరెగ్ అనే వైద్యుడు సిఫిలిస్ మెదడుకెక్కి మతి చెడినవాళ్లకు కావాలనే మలేరియా ఎక్కించాడు. విపరీతమైన జ్వరానికి సిఫిలిస్ క్రిమి చచ్చేది, తరవాత క్వినైన్ ఇచ్చి మలేరియాను దించేవాడు. కొందరు చనిపోయారు, కొందరు బాగుపడ్డారు. 1927లో ఆయనకు నోబెల్ వచ్చింది. అంతకంటే దిక్కులేని రోజులవి.

ఇప్పుడు పరీక్ష సంగతి. పుండు లేనప్పుడు, దద్దు లేనప్పుడు, మనిషి దిట్టంగా తిరుగుతున్నప్పుడు కూడా నిజం చెప్పేది రక్తమొక్కటే. ఆసుపత్రి చీటీ మీద ఆర్‌పీఆర్ అనో, వీడీఆర్‌ఎల్ అనో రాస్తారు. ఆర్‌పీఆర్ చూడ్డానికి భలే ముచ్చటగా ఉంటుంది. తెల్లటి అట్టముక్క మీద గుండ్రటి గళ్లుంటాయి. ఒక గడిలో రోగి సీరం చుక్క వేసి, సన్నటి బొగ్గు రేణువులు కలిపిన ద్రావణం మరో చుక్క కలుపుతారు. అట్టను నిమిషానికి వంద చుట్ల చొప్పున ఎనిమిది నిమిషాలు తిప్పుతారు. ఏమీ లేకపోతే గడి అంతా ఒకే తీరు బూడిద రంగులో ఉండిపోతుంది. ఉంటే బొగ్గు విరిగిన పాలలా ముద్దకట్టి, వడకట్టని టీలో పొడి అడుగంటినట్టు నల్లటి గుంపులు తేలతాయి.

ఆ ద్రావణంలో బొగ్గుతో పాటు ఉండేది సిఫిలిస్ క్రిమి కాదు, కార్డియోలిపిన్ అనే కొవ్వు. ఎద్దు గుండె నుంచి తీస్తారు కాబట్టి ఆ పేరు. 1906లో ఆగస్ట్ వాసర్‌మన్ మొదటి రక్తపరీక్ష చేసినప్పుడు, సిఫిలిస్‌తో పుట్టిన శిశువు కాలేయపు రసం వాడాడు. క్రిమి అందులో ఉంది కాబట్టి పరీక్ష పనిచేస్తోందనుకున్నారు. తీరా చూస్తే ఆరోగ్యమైన గుండె రసంతోనూ పనిచేసింది. ఈ జబ్బులో శరీరం క్రిమికే కాక ఇలాంటి కొవ్వుకు కూడా ప్రతిరక్షకాలు తయారు చేస్తుందన్నమాట, పరీక్ష పట్టుకునేది వాటిని. పొరపాటున దొరికినా పని జరిగింది. పొరపాట్లూ అందుకే జరుగుతాయి: లూపస్ ఉన్నవాళ్లలో, కుష్ఠు, మలేరియా ఉన్నవాళ్లలో, అప్పుడప్పుడూ గర్భిణుల్లో సిఫిలిస్ లేకపోయినా బొగ్గు ముద్దకడుతుంది. కాబట్టి పాజిటివ్ అని ఒక్క కాగితం చూసి ఇంట్లో గొడవ పెట్టుకోకూడదు. క్రిమికే ప్రత్యేకమైన ప్రతిరక్షకాలను చూసే టీపీహెచ్‌ఏ లాంటి రెండో పరీక్షతో సరిచూడాలి. మొదటి పరీక్షలో ఇంకో సుగుణముంది. సీరాన్ని సగానికి సగం పలచన చేస్తూ పోయి, ఎంత పలచన దాకా ముద్దకట్టిందో రాస్తారు: 1:8, 1:16, 1:32. మందు పనిచేస్తోందా లేదా అన్నది చెప్పేది ఈ నిష్పత్తే. పుండు లేచిన మొదటి రోజుల్లో రెండు పరీక్షలూ నెగటివ్ రావచ్చని కూడా గుర్తుండాలి. అనుమానం గట్టిగా ఉంటే కొన్ని వారాలాగి మళ్లీ చేయించుకోవాలి.

రక్తదానం చేసినప్పుడు చాలామందికి ఈ కబురు అనుకోకుండా అందుతుంది. దానం చేసిన ప్రతి సంచీకీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, మలేరియాలతో పాటు సిఫిలిస్ పరీక్ష తప్పనిసరి.

మందు విషయానికొస్తే, 1943లో అమెరికాలో జాన్ మహోనీ నలుగురు రోగులకు పెన్సిలిన్ ఇచ్చి నయం చేశాడు. ఎనభై ఏళ్లు దాటినా ఈ క్రిమి పెన్సిలిన్‌కు లొంగకుండా ఎదురు తిరిగిన దాఖలా లేదు. గనేరియా (మనవాళ్ల సెగ, హకీముల సుజాక్) ఒక్కో మందునూ ఓడించుకుంటూ వస్తుంటే సిఫిలిస్ మాత్రం పాత మందుకే చస్తుంది. అయితే ఏ పెన్సిలిన్ పడితే అది చాలదు. క్రిమి తన గోడ కట్టుకుంటున్నప్పుడే పెన్సిలిన్ దాన్ని దెబ్బకొడుతుంది. పేగుల్లో ఉండే ఈ-కోలై ఇరవై నిమిషాల్లో రెండవుతుంది. ఇది రెండు కావడానికి ముప్ఫై గంటలు పైనే పడుతుంది. అంత నిదానంగా కట్టే మేస్త్రీని ఆపాలంటే మందు రక్తంలో రోజుల తరబడి నిలిచి ఉండాలి. బెంజతీన్ పెన్సిలిన్ అందుకోసం చేసిందే. సీసాలో తెల్లటి పొడి. నీళ్లు కలిపి గిలక్కొడితే సున్నపు తేటలా కాదు, సున్నమంత చిక్కగా అవుతుంది. సన్నసూదిలో ఇరుక్కుపోతుంది కాబట్టి లావు సూది వాడతారు. మొత్తం 24 లక్షల యూనిట్లు, సాధారణంగా పిరుదుకు 12 లక్షల చొప్పున, నిదానంగా ఎక్కిస్తారు. నొప్పి పుడుతుంది, అబద్ధమాడి లాభం లేదు. కండలో ముద్దగా కూచుని రెండు మూడు వారాల పాటు కొద్దికొద్దిగా కరుగుతుంది. రుమాటిక్ గుండెజబ్బున్న పిల్లలకు మూడు వారాలకోసారి వేసే ఇంజెక్షనూ ఇదే. సిఫిలిస్ సోకి ఎక్కువకాలం కాకపోతే ఒక్క విడత చాలు. ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు విడతలు. మెదడు, కన్ను, చెవి దెబ్బతింటే ఆసుపత్రిలో ఉంచి నరంలోకి పెన్సిలిన్ ఎక్కించాలి.

ఇంజెక్షన్ వేసిన రోజు సాయంత్రం కొందరికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. చచ్చిన క్రిములు ఒక్కసారిగా విరిగి రక్తంలో కలవడం వల్ల వచ్చే జ్వరమది, ఒకరోజులో తగ్గిపోతుంది. మందు పడలేదని హడలిపోయి రెండో విడతకు రానివాళ్లు ఉంటారు, ముందే చెబితే ఆ భయం ఉండదు. పెన్సిలిన్ నిజంగా పడనివాళ్లు వేరే. వాళ్లకు డాక్సీసైక్లిన్ పూటకొకటి చొప్పున రోజుకు రెండు, సోకి ఎక్కువకాలం కాకపోతే రెండు వారాలు. ఇది టెట్రాసైక్లిన్ వంశపు మందు. ఆ వంశంలో తొలిబిడ్డ ఆరియోమైసిన్ 1948లో లెడర్లే ప్రయోగశాల నుంచి బయటికొచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టింది బెంజమిన్ డగ్గర్, అక్కడి పరిశోధన మొత్తానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన చనిపోయాడు. ఇక పెన్సిలిన్-జీ ముడిసరుకుకు మనదేశం చాలాకాలం చైనా వైపు చూసింది. 2024లో కాకినాడ జిల్లా తొండంగి దగ్గర అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ దాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది.

మెడికల్ షాపు కౌంటరు మీద పుండు గురించి గుసగుసగా చెబితే ఎక్కువగా చేతికొచ్చేది అజిత్రోమైసిన్ పట్టీ. ప్రపంచంలో చాలాచోట్ల ఈ క్రిమి అజిత్రోమైసిన్‌ను లెక్కచెయ్యడం మానేసింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్కులలో జననాంగాల పుండుకు ఇచ్చే తెల్లరంగు కిట్‌లో అజిత్రోమైసిన్ ఉన్న మాట నిజమే కానీ, అది షాంక్రాయిడ్ అనే మరో పుండు కోసం. సిఫిలిస్ పని పట్టేది అదే కిట్‌లోని బెంజతీన్ పెన్సిలిన్. లక్షణాన్ని బట్టి రంగురంగుల కిట్లు అక్కడ ఉచితంగా ఇస్తారు, స్రావానికి బూడిదరంగు, నీటిపొక్కులకు ఎరుపు.

మొజంజాహీ మార్కెట్ గడియారం కింద నించున్న మనిషికి ఇవన్నీ దూరం కావు. 1935లో రాతితో కట్టి, నిజాం రెండో కొడుకు పేరు పెట్టిన ఆ మార్కెట్ ఒకప్పుడు పళ్లకు పేరు, ఇప్పుడు ఐస్‌క్రీముకు. అక్కడినుంచి అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునున్న ఉస్మానియా ఆసుపత్రికి నడిచే వెళ్లొచ్చు. 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగిన గోషామహల్ కొత్త ఆసుపత్రి పూర్తయితే ఇంకా దగ్గర. దేశంలో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని ప్రాంతీయ సుఖవ్యాధుల శిక్షణ, పరిశోధన కేంద్రాల్లో ఒకటి ఉస్మానియా వైద్య కళాశాలదే. మరోవైపు కోఠీలో సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రి. గర్భం నిర్ధారణ అయిన మొదటి నెలల్లోనే హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్‌కూ వేలి చుక్క రక్తంతో ఒకే పట్టీ మీద చూడటం జాతీయ కార్యక్రమంలో భాగం. ఆ చుక్కకు ఎందుకంత పట్టింపంటే, తల్లి రక్తంలోని క్రిమి మాయను దాటి బిడ్డను చేరుతుంది. కడుపులోనే బిడ్డ పోవడం, నెలలు నిండకుండా కాన్పు, పుట్టాక కాలేయం, ఎముకలు, కళ్లు చెడటం జరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో 80 లక్షలమంది పెద్దలకు కొత్తగా సిఫిలిస్ సోకింది, 7 లక్షల శిశువులకు కడుపులోనే అంటింది. అదే ఏడాది అమెరికాలో 3,700 పైచిలుకు పిల్లలు దీనితో పుట్టారు. పక్కనున్న శ్రీలంక మాత్రం తల్లి నుంచి బిడ్డకు సోకడాన్ని అరికట్టిన దేశంగా 2019లో గుర్తింపు పొందింది. అక్కడ వాడిందీ ఇదే పరీక్ష, ఇదే ఇంజెక్షన్. కాన్పుకు కనీసం ముప్ఫై రోజుల ముందు తల్లికి పెన్సిలిన్ పడితే బిడ్డ దాదాపు ఎప్పుడూ క్షేమమే.

అసలు కష్టం ఇంజెక్షన్ తరవాత మొదలవుతుంది. భార్యకో భర్తకో చెప్పాలి. వాళ్లకు లక్షణాలు లేకపోయినా పరీక్ష, మందు ఇద్దరికీ జరగాలి. లేకపోతే నయమైన మనిషికి మళ్లీ అంటుతుంది, ఈ జబ్బు ఒకసారి వస్తే రెండోసారి రాకూడదన్న నియమమేమీ లేదు. వెనకటికి ఈ బాధ్యత మొత్తం ఆడవాళ్ల మీద వేసిన రోజులున్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో సికింద్రాబాద్‌తో సహా కంటోన్మెంట్లలో లాక్ హాస్పిటళ్లు నడిపి, సోల్జర్లను వదిలేసి వేశ్యలను పట్టి పరీక్షించి బంధించేవారు. దానివల్ల సోల్జర్లకు జబ్బు తగ్గిందీ లేదు.

ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ ఆర్‌పీఆర్ చేయించుకోవాలి. 1:32 ఉన్నది 1:8కి గానీ అంతకంటే కిందికి గానీ దిగితే మందు పనిచేసిందని అర్థం. టీపీహెచ్‌ఏ మాత్రం చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉండిపోతుంది, మానిన దెబ్బ మచ్చలాగా. జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో, కోనసీమ నుంచో గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఈ తేడా తెలియడం అవసరం. అక్కడి వీసా మెడికల్‌లో వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ రెండు పేర్లూ ఉంటాయి. ఇంజెక్షన్ వేసిన తేదీ, మోతాదు, ముందూ తరవాతా వచ్చిన నిష్పత్తులు రాసిన ఆసుపత్రి చీటీ ఉంటే, అది పాత జబ్బనీ, నయమైందనీ మెడికల్ సెంటరు డాక్టరుకు చూపించొచ్చు. ఆ చీటీని పాస్‌పోర్టు కవరులోనే పెట్టుకోవడం మంచిది.